బక్కకప్పల బీడు

రోహిణి కార్తె, పన్నెండో రోజు

కప్పలు: 214. కుంటలో నీరు: మూడడుగుల రెండంగుళాలు. అరుపులు: సున్నా. మౌనం: మూడో రోజు.

సర్కారు వారి దినచర్య పుస్తకంలో నేను నింపాల్సింది ఇంతే. 'వివరణ' అని ఇంకో గడి ఉంది కానీ అది వేలిముద్రకు సరిపోయేంతే ఉంటుంది. నా నోరు అందులో పట్టదు. అందుకని ఏటా పుస్తకాన్ని తిరగేసి, వెనక ఖాళీ కాగితాల మీద అసలు సంగతి రాసుకుంటాను. ఎవరైనా చదివితే, నా పేరు అంకం లసుంబాయి. జిల్లెడకుంట వాన కేంద్రంలో కప్పల కాపరిని. ఏడేళ్ల సర్వీసు. చదవకపోయినా అదే పేరు.

పొద్దున్నే నాచు తీయాలి. గంపెడు మిడతలు, డబ్బాడు బొద్దింకలు వెయ్యాలి. కొంగలను తోలాలి. ఆ తర్వాత గట్టు మీది స్తంభం ముందు నిలబడి "పెద్దచెవికి దండం" అనాలి. ఈ దండం ఏ ఉత్తర్వులోనూ లేదు, మా సర్పంచ్ పెట్టిన ఆచారం. జిల్లా మొత్తానికీ మబ్బులను మళ్లించి వాన పంచే యంత్రం అది. దాని అసలు పేరు పూర్తిగా పలికేలోపు దాహం వేస్తుంది కాబట్టి అందరం పెద్దచెవి అంటాం. స్తంభానికి వినడానికి ఒక చెవి, చెప్పడానికి ఒక నోరు బిగించి ఉంటాయి.

మొదట్లో అది మనుషులనే అడిగేది, మీ ఊళ్లో కరువెంత అని. ప్రతి ఊరూ మాకే ఎక్కువ అంది. మా ఊరైతే ఉన్న పశువులకు మూడింతలు చచ్చిపోయాయని రాసిచ్చింది. దాంతో పెద్దచెవి మనుషుల మాట వినడం మానేసి కప్పల మాట వినడం మొదలుపెట్టింది. కప్పకు అబద్ధమాడడం రాదు. ఎన్ని అరుపులు వినిపిస్తే అంత వాన.

నాలుగేళ్ల కిందట మా కుంట దగ్గర నిలబడితే పక్కవాడి మాట వినపడేది కాదు. నిరుడు మొత్తం కలిపి పాతిక అరుపులు. ఈ ఏడు లెక్క మొదలై మూడు రోజులైనా ఒక్కటీ లేదు.

రోహిణి, పద్నాలుగో రోజు

సర్పంచ్ జక్కుల రాజలింగం వచ్చాడు. గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

"ఏంది లసుంబాయి, కప్పలకేం రోగమొచ్చింది?"

"రోగం లేదు సర్పంచ్ సాబ్. బుక్కలకు బుక్కలు తింటున్నయి. ఒర్రుతలేవు, గంతే."

"ఇంకింత మేపరాదు?"

ఆయనకు తెలిసిన మందు అదొక్కటే. జిల్లాలో మా కప్పలంత బలిసిన కప్పలు లేవు. ప్రతి ఉగాదికీ పుష్టి పోటీ పెడతాడు. ఇంటికో కప్పను ఎంచుకుని మేపుతారు. గెలిచిన ఇంటికి ఇత్తడి బిందె, ఓడిన ఇంటికి ఏడాదంతా దెప్పుళ్లు. పోటీ అయ్యాక బక్కవాటిని ఏరి గంపలకెత్తి, తూము అవతల ఉన్న రాళ్ల బీడులో పారబోస్తాం. ఊరి పరువు తీసేవి ఊళ్లో ఎందుకని సర్పంచ్ మాట. మాట ఆయనది, మోత నాది. నాలుగేళ్లుగా గంపలకు గంపలు మోశాను. బీడు పేరే బక్కకప్పల బీడు అయిపోయింది.

పోతూ పోతూ సర్పంచ్ గొంతు తగ్గించి, "పాత ఒర్రుడు ఎక్కడన్న రికార్డు చేసి పెట్టినవా?" అన్నాడు. నేను స్తంభం వైపు చూపించాను. నిరుడు ఉప్పరికుంట వాళ్లు అలాగే అరుపులు వినిపిస్తే పెద్దచెవి గంట తిరక్కముందే పట్టేసింది. దొంగ అరుపుకు శిక్ష, ఏడాది వాన రద్దు. సర్పంచ్ చెవికి దండం పెట్టి, తను ఏమీ అననట్టే వెళ్లిపోయాడు.

మృగశిర కార్తె, మూడో రోజు

మౌనం: ఎనిమిదో రోజు.

పొద్దున పెద్దచెవి నోరు విప్పింది. "జిల్లెడకుంట గ్రామమునకు తెలియజేయునది. ఇరవయ్యొకటవ రోజు ముగియునాటికి ఒక్క అరుపైనను నమోదు కాని పక్షమున ఇది కప్పలు లేని గ్రామముగా పరిగణింపబడును. వాన కోటా శాశ్వతముగా రద్దగును. జనాభా నీటి కాలనీకి తరలింపబడును." దాని తెలుగు అంతే. దస్తావేజులు తిని బతికే జంతువులా మాట్లాడుతుంది.

నీటి కాలనీ అంటే పట్నం అవతల ముప్పై అంతస్తుల పెట్టెలు. మా అత్త బూదవ్వ కంటి ఆపరేషన్ కోసం అక్కడ పది రోజులుంది. ఇంటికి రాగానే మట్టిలో కూర్చుని గంటసేపు లేవలేదు.

ఈ రాత్రి అన్నం పెడితే అత్త ముట్టుకోలేదు.

"నేను రాను లసుం. ఆడ కాళ్ల కింద వేరేటోళ్ల నెత్తి ఉంటది. నన్ను ఈడనే ఇడిసిపెట్టి పోండ్రి."

"ఎవలు పోతరత్తా? నేను పోతనా?"

"మరి నీ కప్పలను ఒర్రమను."

మా ఆయన గాలిమరల కాడ పని చేస్తూ నెలకోసారి వస్తాడు. ఈసారి ఏ ఇంటికి రమ్మని చెప్పాలో తెలియదు. ఏడేళ్లు ఈ కప్పలను నా చేత్తో మేపాను. ఊరంతా నన్నే చూస్తోంది. నాకు నిజంగా భయంగా ఉంది.

మృగశిర, ఆరో రోజు

ఈ రోజు కప్పల పెళ్లి చేశాం. ఎవరి సలహానో అడక్కండి, సర్పంచ్ కట్టుకున్న కొత్త పంచె చూస్తే తెలుస్తుంది.

వానలు పడకపోతే కప్పలకు పెళ్లి చేయడం మాకు తాతల నాటి పద్ధతే. పూర్వం దొరికిన కప్పకు దొరికిన కప్పతో అయ్యేది. ఇప్పుడు పరువు కదా, అందుకని కుంటలోకెల్లా బలిసిన రెండింటిని పట్టమన్నారు. పెద్దది పెళ్లికొడుకు, దానికంటే కాస్త చిన్నది పెళ్లికూతురు. ఎలా తెలుసని అడిగితే సర్పంచ్, "పెద్దగున్నది మొగోడు కాకపోతే ఏందే?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. మూసుకోకూడదని తర్వాత తెలిసింది.

డప్పులు, పందిరి, అయ్యగారు, అన్నీ ఉన్నాయి. పెళ్లికొడుకు రెండుసార్లు పారిపోయి అయ్యగారి ఒళ్లోకి దూకాడు. మూడోసారి సర్పంచే స్వయంగా పట్టుకుని తన కొత్త కండువాలో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు కండువా తడిసింది. విప్పి చూస్తే సగ్గుబియ్యం పాయసంలా జిగట జిగటగా గింజలు.

పెళ్లికొడుకు గుడ్లు పెట్టాడు.

డప్పు ఆగిపోయింది. అయ్యగారు శాస్త్రంలో దీనికి ఏముందో చూడాలని లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టారు. సర్పంచ్ ఒడిలో నుంచి జారుతున్న గుడ్లను ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మా అత్త మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. నవ్వీ నవ్వీ పక్కనున్న ఆమె భుజం మీద పడింది.

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

మృగశిర, ఏడో రోజు

నవ్వు ఇవాళ పొద్దున్నే పోయింది.

పెద్దగా ఉన్నది ఆడది అయితే మిగతావి ఏమిటి అన్న పురుగు తొలుస్తుంటే నా మొదటి ఏడాది పుస్తకం తీసి వెనక కాగితాలు తిరగేశాను. జూన్ నెలలో నేనే రాసుకున్నాను: "అరిచేవాటికి గొంతుకు రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బుతున్నాయి. అరుపు ఆపాక అక్కడ నల్లటి మడత మిగులుతోంది. మడత లేనివి అరవవు, ఊరికే వింటాయి. మడత ఉన్నవి కాస్త చిన్నవి."

వల తీసుకుని కుంటలోకి దిగాను. ఒక్కొక్క దాన్నీ పట్టి వెల్లకిలా తిప్పి గొంతు చూశాను. మధ్యాహ్నం దాకా పట్టింది. 214 కప్పలు. ఒక్కదానికీ నల్ల మడత లేదు.

అన్నీ ఆడవే. అరిచేవి మగవి. మగవి చిన్నగా ఉంటాయి. చిన్నవాటిని బక్కవని, దండగవని గంపల్లో మోసి రాళ్లలో పారబోసింది నేను. ఊరి గొంతును ఊరి చేతే బయట పారేయించాం, మిగిలినవాటిని మేపి బిందెలు పంచుకున్నాం.

గట్టు మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తిట్లు సర్కారు పుస్తకంలో రాయదగ్గవి కావు, వెనక కాగితాల్లో కూడా.

మృగశిర, తొమ్మిదో రోజు

మౌనం: పద్నాలుగు.

పంచాయతీలో సంగతి చెప్పాను. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరూ నమ్మి, తప్పు నాదే అన్నారు. అది సగం నిజం కాబట్టి నేనూ గట్టిగా కాదనలేదు. సర్పంచ్ మాత్రం పోటీ మాట ఎత్తనివ్వలేదు.

గడ్డపారలు తీసుకుని బీడుకు పోయాం. ఎండాకాలం ఈ కప్పలు మట్టిలోకి దిగిపోయి, వాన పడేదాకా చచ్చినట్టు పడుకుంటాయి. ఎక్కడ పడుకుంటాయో మాత్రం పైకి తెలియదు. నేల రాయిలా ఉంది. పొద్దంతా తవ్వితే ఒక్కటి దొరికింది, అదీ గడ్డపార కింద నలిగి చచ్చింది. దాని గొంతుకు నల్ల మడత ఉంది. దాన్ని అక్కడే పూడ్చి, తవ్వడం ఆపించేశాను. ఇంకోదాన్ని అలా చూడలేను.

మృగశిర, పన్నెండో రోజు

మౌనం: పదిహేడు. కొందరు సామాన్లు కట్టుకోవడం మొదలుపెట్టారు.

మా అత్త రోకలి తీసి కడుగుతోంది. ఎందుకని అడిగాను. కప్పతల్లి ఆడతానంది. అది కూడా వాన కోసం చేసేదే. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో కప్పను కట్టి ఇంటింటికీ తిప్పితే, ఇంటివాళ్లు బిందెడు నీళ్లు దాని మీద పోస్తారు.

"అత్తా, ఉన్నయన్నీ ఆడియే. కట్టినా ఒర్రయి."

"ఒర్రకుంటే మాయె. నా తృప్తికి తిప్పుత. నా చిన్నప్పుడు మా అమ్మ ఈ రోకలితోని వడ్లు దంచుతుంటే అరుగు కింద మట్టిల నుంచి కప్పలు బయటికొస్తుండె తెల్సా? ఎండకాలం కూడ. అమ్మ తిడుతుండె, ఉరుమనుకొని వచ్చినవా బద్మాష్ దానా అని."

ఆమె మామూలుగా చెప్పేసి రోకలి ఎండకు పెట్టింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఉరుము అనుకుని వస్తాయి. కింద అదురు, పైన తడి. రెండూ ఉంటే వానే అనుకుంటాయి.

దొంగ అరుపు నేరం. దొంగ వాన నేరమని నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను. కానీ బీడును తడపాలంటే బిందెలు చాలవు. ఊళ్లో అన్ని నీళ్లు ఒక్క కప్పల కుంటలోనే ఉన్నాయి. మూడడుగుల కంటే తగ్గితే కాపరిని తీసేస్తారు, మళ్లీ ఏ వాన కేంద్రంలోనూ పెట్టుకోరు. ఉద్యోగం సరే. నీళ్లు పోయాక మగవి రాకపోతే? ఉన్న 214 కూడా పోతాయి. అప్పుడు నిజంగానే కప్పలు లేని ఊరు, అదీ నా చేతి మీదుగా.

మృగశిర, పద్నాలుగో రోజు

తూము ఎత్తేశాను.

ఎలా జరిగిందో రాస్తాను. సర్పంచ్‌ను అడిగితే వద్దన్నాడు. గట్టి మనిషి, వచ్చి తూము పలక మీదే కూర్చున్నాడు. "ఇంక రెండు దినాలున్నయి, అప్పటిదాంక ఏమన్న అయితదేమో" అన్నాడు. మా అత్త వెనక పద్నాలుగు మంది ఆడవాళ్లు రోకళ్లతో వచ్చారు. అత్త ఆయన ముందు నిలబడింది.

"బిడ్డా రాజలింగం, లేస్తవా, నిన్ను కూడ దంచుమంటవా?"

"బూదవ్వా, గవి పోతే ఊరు పోతది!"

"పొయ్యేటట్టే ఉన్నది గద. లెవ్వు."

ఆయన లేచాడు. నేను పలక ఎత్తాను. నీళ్లు బీడులోకి ఉరికాయి. ఆ రాళ్ల మధ్య నేల పళ్లెంలా పల్లంగా ఉంటుంది కాబట్టి మోకాలి లోతు నిలబడ్డాయి. నీళ్లతోపాటే బలిసిన ఆడకప్పలన్నీ కొట్టుకుపోయి రాళ్ల మీదికి ఎక్కాయి. ఇంతకాలం నా చేతి నుంచి తప్ప తిండి తెలియనివి, మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాయి.

ఆడవాళ్లు తడి అంచున నిలబడి దంచారు. గంటసేపు. రెండు గంటలు. ఏమీ రాలేదు. పొద్దుగూకే వేళకు నీళ్లు సగం ఇంకిపోయాయి.

ఆర్ద్ర కార్తె, మొదటి రోజు

మౌనం: ఇరవై. నీటిమట్టం: రాయడానికి కుంటలో నీళ్లు లేవు.

బీడులో చీలమండ లోతు కూడా లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని దంచుతున్నాం. మధ్యాహ్నం నుంచి జనం తమంతట తామే బిందెలు తేవడం మొదలుపెట్టారు, తాగే నీళ్లు. ఎవరినీ ఎవరూ అడగలేదు. ఎత్తైన రాళ్లెక్కి వాన పడ్డట్టు పైనుంచి పోస్తున్నారు. సర్పంచ్ మొహం అటు తిప్పుకుని వచ్చి, రెండు బిందెలు పోసి, మళ్లీ వెళ్లి ఇంకో రెండు తెచ్చాడు.

నాకు ఒక దశలో ఏడుపొచ్చింది. ఇంతమంది తాగాల్సిన నీళ్లు నా ఊహ మీద నమ్మకంతో మట్టిలో పోస్తున్నారు. నా ఊహకు ఆధారం ఏమిటంటే ముసలామె చిన్నప్పటి అరుగు.

సాయంత్రం మా అత్త దంచడం ఆపి, "లసుం, ఇటు సూడు" అంది. ఆమె రోకలి పోటుకు జానెడు దూరంలో మట్టి పగిలింది. పగుల్లోంచి ముక్కు, ఆ తర్వాత రెండు కళ్లు వచ్చాయి. ఎముకలు, తోలు తప్ప ఏమీ లేని ఒక కప్ప బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, నీళ్లలోకి జారింది. గొంతు కింద నల్ల మడత.

ఎవరూ అరవలేదు, భయపెడతామేమోనని. కళ్లతోనే ఒకరికొకరు చెప్పుకున్నాం. చీకటి పడేలోపు ఇరవై ఆరు వచ్చాయి. కానీ ఒక్కటీ నోరు విప్పలేదు.

ఆర్ద్ర, రెండో రోజు

మౌనం: ఇరవయ్యొకటి. ఆఖరి రోజు.

తెల్లారి బీడుకు పోతే నా కళ్లను నేను నమ్మలేదు. రాత్రి మట్టిరంగులో ఉన్న బక్కకప్పలు పసుపుపచ్చగా మారిపోయాయి. నిమ్మపండు పసుపు. ఎవరూ పూయలేదు. బురదలో పసుపు ముద్దలు పడేసినట్టు ఎక్కడ చూస్తే అక్కడ. రాత్రికి రాత్రి ఇంకా వచ్చినట్టున్నాయి, వందకు పైనే ఉంటాయి.

ఊరంతా బీడు చుట్టూ నిలబడింది. చంటిపిల్లల నోళ్లు కూడా మూసి పట్టుకున్నారు. పొద్దెక్కింది. మధ్యాహ్నమైంది. సామాన్లు ఎక్కించుకుపోయే బండ్లు రోడ్డు మీదికి వచ్చి ఆగాయి.

ఒక ఆడకప్ప, పుష్టి పోటీలో బిందె తెచ్చిన ఘటం, రాయి మీద నుంచి నీళ్లలోకి దభీమని దూకింది. దానికి మూరెడు దూరంలో ఉన్న బక్కోడి గొంతుకు రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బాయి.

"బెక్."

ఒక్కటే. తర్వాత ఇంకో మూల నుంచి ఒకటి. తర్వాత లెక్క లేదు. బీడంతా ఒక్క గొంతయిపోయింది. నాలుగేళ్ల కోపమంతా ఒకేసారి కక్కుతున్నట్టు అరిచాయి. అవి అరిచేది వాన కోసం కాదు, మా కోసం అసలే కాదు, పెళ్లాల కోసం. అయినా మా అత్త రెండు చేతులూ జోడించి ఏడుస్తూ నిలబడింది. సర్పంచ్ గొంతు చించుకుని ఏదో అంటున్నాడు కానీ కప్పల మోతలో ఒక్క ముక్కా వినపడలేదు. నాలుగేళ్లలో ఆయన మాట వినపడకపోవడం ఇదే మొదటిసారి.

పెద్దచెవి కూడా నోరు విప్పింది. స్తంభానికి దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి నాకొక్కదానికే వినబడింది. "జిల్లెడకుంట. అరుపులు నమోదైనవి. పూర్తి కోటా మంజూరు. నీటిమట్టం నిబంధన ఉల్లంఘించినందున కప్పల కాపరి ఈ క్షణము నుండి తొలగింపబడినది."

నేను దండం పెట్టాను. ఈసారి నా ఇష్టంతోనే పెట్టాను.

ఆర్ద్ర, అయిదో రోజు

ఉద్యోగం పోయింది కాబట్టి పుస్తకాలన్నీ సర్కారుకు అప్పజెప్పాలి. అప్పజెప్పేలోపు ఈ ఒక్క కాగితం నాదే.

నిన్నటి నుంచి వాన. బండ్లు ఖాళీగా వెనక్కి పోయాయి. సర్పంచ్ పొద్దున ఇంటికొచ్చి, వచ్చే ఉగాదికి బక్కకప్పల పోటీ పెడదామని, అన్నిటికంటే బక్కదానికి బిందె ఇద్దామని అన్నాడు. మా అత్త రోకలి వైపు చూసింది. ఆయన టీ కూడా తాగకుండా లేచిపోయాడు. కుంట తూము పలక నేను ఎత్తిందే, అలాగే ఉంది. దించమని అడగడానికి ఇంకా ఎవరికీ ధైర్యం రాలేదు.

సాయంత్రం అత్తా నేనూ గొంగడి కప్పుకుని బీడుకు పోయాం. అలవాటు ప్రకారం లెక్కపెడదామని వంగాను. పోటీలో గెలిచిన ఆ పెద్ద ఆడకప్ప నా పాదం పక్కకే వచ్చింది. ఏడేళ్లు నా చేతి మిడతలు తిన్నది. నేను పిలిచినా తల తిప్పలేదు. నా పాదం మీద కాలుపెట్టి, రాయి దాటడానికి నన్ను మెట్టులా వాడుకుని, అవతలున్న పసుపు బక్కోడి దగ్గరికి దూకిపోయింది. దాని తడి కాలు నా పాదానికి చల్లగా తగిలింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను, ఎందుకంటే అది నన్నే కాదు, ఊరినే పట్టించుకోవడం లేదు. దాని బతుకు అది బతుకుతోంది. దాని పుణ్యాన మేమూ ఇక్కడే బతుకుతాం.

"ఎన్నున్నయే?" అంది అత్త.

"లెక్కపెట్టలేదత్తా."

"మంచిగ చేసినవ్," అంది.

దారంతా చిన్నవీ పెద్దవీ అడ్డంగా గెంతుతున్నాయి. ఏదీ తొక్కకుండా, కింద చూసుకుంటూ, మెల్లగా ఇంటికి వచ్చాం.